ఇంటి బయటి మురుగు గొట్టం మరమ్మతు: తరచుగా అడిగే ప్రశ్నలు

వానాకాలం దగ్గరపడిన ప్రతిసారీ మా వీధిలోనూ, బంధువుల ఇళ్లలోనూ ఇవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నందున వాటిని ఒకచోట చేర్చాను. వంటిల్లు, స్నానాల గది, పెరట్లో గిన్నెలు తోమే గచ్చు, ఈ మూడింటి నీళ్లను ప్రహరీ దాటించి వీధి కాలువలో కలిపే గొట్టం గురించే ఇక్కడి సమాధానాలన్నీ. మరుగుదొడ్డి నీళ్లు సెప్టిక్ ట్యాంకుకు, వాడుక నీళ్లు సైడు కాలువకు వెళ్లే చిన్న పట్టణాల సొంత ఇళ్లను దృష్టిలో పెట్టుకొని రాశాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నను విడిగా చదువుకోవచ్చు.

## తప్పు ఎక్కడుందో తేల్చుకోవడం

గొట్టం నెలకోసారి మూసుకుపోతోంది. మనిషిని పిలిచి పొడిపిస్తే మళ్లీ బాగుంటోంది. ఇలాగే నెట్టుకురావచ్చా?

నెట్టుకురావచ్చు గానీ అది మరమ్మతు కాదు. సరైన వాటంతో, అంటే వాలుతో, గట్టి అతుకులతో వేసిన నాలుగంగుళాల గొట్టం ఒక సంసారం వాడే నీళ్లకు ఏళ్ల తరబడి మూసుకుపోకూడదు. ఒకే చోట పదేపదే అడ్డు పడుతోందంటే అక్కడ గొట్టం కుంగి ఉండాలి, లేదా అతుకు విడిపోయి మట్టి లోపలికి దిగుతూ ఉండాలి, లేదా చెట్టు వేరు చొరబడి ఉండాలి. మా ఇంట్లో రెండేళ్ల పాటు ఇదే తంతు నడిచింది. చివరకు తవ్వించినప్పుడు, వేపచెట్టుకు ఎదురుగా ఒక గొట్టం ఉయ్యాల తాడులా మధ్యలో కిందికి వంగి కనిపించింది. కోసి చూస్తే అన్నం మెతుకులు, గంజి, సబ్బు మడ్డి కలిసి జున్నుముక్కలా బిగుసుకుపోయి ఉన్నాయి. ఆ ముద్ద నడుమ వెదురు బద్ద చేసిన బొటనవేలంత రంధ్రం స్పష్టంగా ఉంది. అంటే, పొడిపించిన ప్రతిసారీ మేము డబ్బు ఇచ్చింది ఆ రంధ్రానికే.

అడ్డు ఎక్కడ పడిందో తవ్వకుండా తెలుసుకోవడం ఎలా?

ముందుగా ఛాంబర్ల, అంటే గొట్టం వరుసలో అక్కడక్కడ మూతతో కట్టిన చిన్న తొట్ల, మూతలన్నీ తీసి ఉంచండి. ఇంటికి దగ్గరగా ఉన్న తూములో రెండు బకెట్ల నీళ్లు ఒక్కసారిగా పోయించి, ఒక్కొక్క ఛాంబరు దగ్గరా నిలబడి చూడండి. ఏ ఛాంబరు నిండి, దాని తరువాతది పొడిగా ఉంటుందో ఆ రెండింటి మధ్యనే అడ్డు ఉన్నట్టు. తరువాత పొడిగా ఉన్న ఛాంబరు వైపు నుంచి పొడవైన వెదురు బద్దనో ప్లంబర్లు వాడే స్ప్రింగునో గొట్టంలోకి నెట్టి, అది ఆగిన చోట ఛాంబరు గోడ దగ్గర సుద్దతో గుర్తు పెట్టుకోండి. బయటికి తీసి అంత పొడవునూ నేల మీద పరిస్తే తవ్వవలసిన చోటు దాదాపుగా తెలిసిపోతుంది. పెరడంతా తవ్వే శ్రమ దీనితో తప్పుతుంది.

అడ్డేమీ లేదు, నీళ్లు బాగానే పోతున్నాయి. అయినా గోడ పక్కన నేల ఎప్పుడూ చెమ్మగా ఉంటోంది. ఎందుకు?

చాలావరకు అది విడిపోయిన అతుకు. అయితే మంచినీటి గొట్టం కారుతున్నా నేల ఇలాగే ఉంటుంది కాబట్టి ముందు దానిని తేల్చుకోవాలి. ఓవర్‌హెడ్ ట్యాంకు వాల్వులు తెరిచే ఉంచి, ఇంట్లోని కుళాయిలన్నీ రాత్రి కట్టేసి, తెల్లవారి ట్యాంకులో మట్టం చూడండి. ట్యాంకు నుంచి వచ్చే గొట్టం కారుతుంటే మట్టం తగ్గి ఉంటుంది. మట్టం తగ్గకపోతే అనుమానం మురుగు గొట్టం మీదికి మళ్లుతుంది. బట్టలకు వాడే నీలిమందును బకెట్ నీళ్లలో చిక్కగా కలిపి తూములో పోసి, చెమ్మగా ఉన్న చోట జానెడు లోతున గుంట తీసి ఉంచితే, అతుకు కారుతున్న పక్షంలో కొన్ని గంటల్లో ఆ గుంటలో నీలం ఊరుతుంది. పునాది పక్కన ఇలాంటి చెమ్మ ఉంటే వాయిదా వేయకండి. నేల నల్లరేగడి అయితే ఆ చెమ్మకు ఉబ్బి, ఎండకు ముడుచుకొని గోడలకు బీటలు తెస్తుంది.

వాన పడినప్పుడు మాత్రమే స్నానాల గదిలోకి మురుగు వెనక్కి వస్తోంది. గొట్టం మార్చాలా?

తొందరపడి మార్చకండి. దీనికి రెండు కారణాలు ఉంటాయి. డాబా మీది వాననీటి గొట్టాన్ని ఎవరో మురుగు గొట్టంలో కలిపి ఉండవచ్చు. అలా కలిపితే పెద్దవానకు నాలుగంగుళాల గొట్టం చాలదు. లేదా వీధి కాలువ నిండి నీరు ఎదురు తంతూ ఉండవచ్చు. వాన కురుస్తుండగా గొడుగు పట్టుకొని వెళ్లి ప్రహరీ బయట గొట్టం మూతిని చూస్తే ఏది కారణమో ఒక్క నిమిషంలో తెలుస్తుంది. మూతి కాలువ నీళ్లలో మునిగి ఉంటే తప్పు మీ గొట్టానిది కాదు. మూతి నీటికి పైన ఉండి నిండుగా కక్కుతుంటే డాబా నీళ్లను విడదీసి, వాటికి వేరే దారి చూపాలి.

## పని మొదలుపెట్టే ముందు

ఏ నెలల్లో చేయిస్తే మంచిది?

మృగశిర కార్తె ప్రవేశించే లోగా, అంటే జూన్ మొదటి వారానికల్లా గొయ్యి పూడ్చడం కూడా పూర్తయ్యేలా చూసుకోండి. తడి నేలలో గొట్టం కింద వేసిన ఇసుక పరుపు నిలవదు, గొయ్యి అంచులు కూలుతాయి, అతుకులకు పూసే సొల్యూషన్ తేమ మీద సరిగా పట్టదు.

యాసిడ్ పోస్తే సరిపోదా? తవ్వడం ఎందుకు?

జిడ్డు పట్టిన చిన్న అడ్డుకు ఏ మందైనా కొంత పనిచేయవచ్చు గానీ కుంగిన గొట్టాన్ని, విడిపోయిన అతుకును ఏ యాసిడూ బాగుచేయలేదు. పైగా యాసిడ్ సిమెంటును తినేస్తుంది; పాత సిమెంటు తూముల అతుకులూ, ఛాంబరు లోపలి పూతా దానివల్లే గుల్లబారతాయి. అంతకంటే ముఖ్యమైన సంగతి, బ్లీచింగ్ పౌడరు చల్లిన చోట యాసిడ్ పోయకూడదు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, తలుపులు మూసిన స్నానాల గదిలో అది ప్రాణాపాయం. కాస్టిక్ సోడా పోసిన గొట్టంలో యాసిడ్ పోసినా అది ఎగజిమ్మి కళ్లలో పడుతుంది. ఇంతకుముందు ఏదైనా పోసి ఉంటే, గొట్టం కోయబోయే ప్లంబరుకు ఆ మాట తప్పక చెప్పండి.

ట్యాంకులోకో లోతైన ఛాంబరులోకో మనిషిని దించి శుభ్రం చేయిస్తే తక్కువలో అయిపోతుందంటున్నారు. దించవచ్చా?

దించకూడదు. మూసి ఉన్న మురుగులో హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ వంటి వాయువులు పేరుకుంటాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు ఎక్కువైతే ముక్కుకు వాసన కూడా తెలియకుండా పోతుంది, దిగినవారు కేక వేసే వ్యవధి లేకుండా పడిపోతారు. కాపాడబోయి వెంట దిగినవారూ అలాగే పోతున్నారు. మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి తగిన రక్షణ సామగ్రి లేకుండా మనుషులను దించి శుభ్రం చేయించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. శిక్ష సంగతి అలా ఉంచినా, మన ఇంటి మురుగు కోసం ఇంకొక ఇంటి మనిషి ప్రాణం పెట్టవలసిన అవసరం లేదు. గొట్టంతో లాగే బండిని పిలిపించండి. సెప్టిక్ ట్యాంకుల శుభ్రతకు 14420 అనే హెల్ప్‌లైన్ ఉంది. హైదరాబాద్‌లో భూగర్భ డ్రైనేజీ కనెక్షన్ ఉన్నవారు జలమండలి 155313 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు.

మేస్త్రీతో ఏమేమి ముందే మాట్లాడుకోవాలి?

కూలి రోజుకా, అడుగు లెక్కనా అన్నది ఒక్కటే కాదు. తవ్విన మట్టి ఎత్తిపోయడం, పగలగొట్టిన గచ్చును తిరిగి వేయడం, ఛాంబరు లోపలి పూత, చివరి నీటి పరీక్ష, ఇవన్నీ ఆ ధరలో ఉన్నాయా లేవా అని ముందే అడగాలి. సామాను మీరే కొనివ్వడం మంచిది. నీటి పరీక్ష అయ్యేవరకు కొంత మొత్తం ఆపుకుంటామని మొదటి రోజే మర్యాదగా చెప్పండి. పనితనం మీద నమ్మకమున్న మేస్త్రీ ఎవరూ దానికి నొచ్చుకోరు.

తవ్వేటప్పుడు దేనిని చూసుకోవాలి?

బోరు మోటారు తీగ, మంచినీటి గొట్టం, ఎర్తింగ్ గుంట ఎక్కడున్నాయో ఇంటివారు ముందే చూపించాలి. మోటారు స్విచ్ కట్టేసి, ఫ్యూజు తీసి ఉంచండి. పునాదిని ఆనుకొని, దాని అడుగు మట్టం కంటే లోతుగా తవ్వనివ్వకండి.

## గొట్టం, వాటం, అతుకులు

దుకాణంలో రకరకాల పీవీసీ గొట్టాలు చూపిస్తున్నారు. ఏది తీసుకోవాలి?

దుకాణంలో నాలుగంగుళాలది అనే గొట్టం మీద 110 మిల్లీమీటర్లు అని ఉంటుంది. వాడుక నీటి గొట్టాలకు ఐఎస్ 13592 అనే భారతీయ ప్రమాణం వర్తిస్తుంది. అందులో ‘ఏ’ (A) రకం వాననీటికి, గాలి గొట్టాలకు; ‘బి’ (B) రకం మురుగుకు. 110 మిల్లీమీటర్ల గొట్టంలో ‘ఏ’ రకం గోడ మందం కనీసం 2.2 మిల్లీమీటర్లు, ‘బి’ రకానిది 3.2 మిల్లీమీటర్లు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, ధర తక్కువని ‘ఏ’ రకం కట్టబెడతారు, అది మట్టి బరువుకు కోడిగుడ్డు ఆకారంలోకి నొక్కుకుపోతుంది. గొట్టం మీద అచ్చు చదివి, అంచు మందం చూసి కొనండి. కారు నిలిపే చోటు కింద వేయవలసి వస్తే, భూమిలో పాతడానికే తయారుచేసే ఐఎస్ 15328 గొట్టాలు మరింత తగినవి. వాటిలో ఎస్‌ఎన్ 2, 4, 8 అని దృఢత్వాన్ని బట్టి తరగతులుంటాయి, అంకె పెరిగిన కొద్దీ గట్టిదనం పెరుగుతుంది.

వాటం ఎంత ఇవ్వాలి? మేస్త్రీ కంటితో చూసి సరిపోయిందంటున్నారు, నమ్మవచ్చా?

నాలుగంగుళాల గొట్టానికి 40 అడుగులకు 1 అడుగు వాటం మంచిది. ఇంకోలా చెప్పాలంటే 10 అడుగులకు 3 అంగుళాలు. ఆరంగుళాల గొట్టానికి 10 అడుగులకు 2 అంగుళాలు చాలు. మురుగులోని మడ్డి అడుగున దిగకుండా కొట్టుకుపోవాలంటే నీరు సెకనుకు దాదాపు 75 సెంటీమీటర్ల వేగంతో పారాలి. ఈ లెక్కలు ఆ వేగం కోసమే. వీధి కాలువ ఎత్తు వల్ల ఇంత వాటం దొరకని ఇళ్లున్నాయి. అక్కడ కూడా నాలుగంగుళాల గొట్టానికి 10 అడుగులకు 2 అంగుళాల కంటే తగ్గనివ్వకూడదని నా అభిప్రాయం.

కంటి చూపును మాత్రం నమ్మకండి. పెరటి నేలే ఒక పక్కకు వాలి ఉంటే మట్టంగా ఉన్న గొట్టం కూడా వాటంగా కనిపిస్తుంది. మా పెరట్లో మేస్త్రీ గారు ఎంతో ధీమాగా వాటం బాగుందన్న 20 అడుగుల వరుసలో కొలిచి చూస్తే అర అంగుళమే తేడా వచ్చింది. కొలవడానికి పెద్ద పరికరం అవసరం లేదు. లోపల గాలి బుడగలు లేకుండా నీళ్లు నింపిన పారదర్శకమైన సన్నని గొట్టం, అంటే లెవెల్ పైపు చాలు. దాని రెండు కొసలను మురుగు గొట్టం వరుస రెండు చివర్ల దగ్గర ఇద్దరు నిలువుగా పట్టుకుంటే రెండు కొసల్లోనూ నీరు ఒకే మట్టంలో నిలుస్తుంది. ఆ మట్టం నుంచి కిందనున్న మురుగు గొట్టం వీపు దాకా టేపుతో కొలవండి. ఇంటి దగ్గర 18 అంగుళాలు, 20 అడుగుల అవతల 24 అంగుళాలు వస్తే వాటం 6 అంగుళాలు ఉన్నట్టు. చివర్లు రెండే కొలిస్తే మధ్యలో కుంగినది తెలియదు కనుక ప్రతి అతుకు దగ్గరా కొలవాలి.

గొయ్యిలో గొట్టాన్ని నేరుగా మట్టి మీద పెట్టవచ్చా?

పెట్టకూడదు. గొయ్యి అడుగున రాళ్లు, ఇటుక ముక్కలు ఏరివేసి, మూడు నాలుగు అంగుళాల మందాన ఇసుక గానీ రాతి డస్టు గానీ పరిచి, తడిపి, దిమ్మిస కొట్టి, వాటం ఆ పరుపుకే తెచ్చి, దాని మీద గొట్టం పొడవంతా ఆనేలా ఉంచాలి. కొందరు గొట్టం కింద అక్కడక్కడ ఇటుక ముక్కలు పెట్టి వాటం సరిచేస్తారు. ఆ ఇటుకల నడుమ గొట్టం గాలిలో వేలాడుతూ ఉండి, పైన మట్టి పడగానే కుంగుతుంది. రెండేళ్లలో తిరగబెట్టే మరమ్మతుల్లో సగానికి మూలం ఈ ఇటుక ముక్కలేనని నాకు అనిపిస్తుంది.

మాది నల్లరేగడి నేల. ఏటా ఏదో ఒక అతుకు విడిపోతోంది. మార్గం ఉందా?

ఉంది. రేగడి వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతూ గొట్టాన్ని పైకీ కిందికీ లాగుతుంది. సొల్యూషన్‌తో బిగించిన అతుకు ఆ లాగుడుకు ఓర్చుకోలేదు. రబ్బరు రింగు అతుకు కొద్దిగా కదలడానికి వీలిస్తుంది. అందువల్ల రేగడిలో రింగు గొట్టాలే వేయించి, చుట్టూ నాలుగు వైపులా ఆరంగుళాల మందాన ఇసుక నింపించండి. గొట్టాన్ని రింగులోకి పూర్తిగా నెట్టి, తిరిగి 10 మిల్లీమీటర్లు వెనక్కి లాగాలి. ఎండకు సాగే గొట్టానికి ఆ ఖాళీ కావాలి. జారడానికి సబ్బు నీళ్లు పూయండి, నూనె గానీ గ్రీజు గానీ పూస్తే రబ్బరు పాడవుతుంది.

సొల్యూషన్ అతుకు ఎంతసేపటికి గట్టిపడుతుంది?

గొట్టం కొసను వంకర లేకుండా తిన్నగా కోసి, గరుకు కాగితంతో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, రెండు ముఖాలకూ పలచగా పూసి, కొద్దిగా తిప్పుతూ దూర్చి అర నిమిషం కదలకుండా పట్టుకోవాలి. నిమిషాల్లో బిగిసినట్టు అనిపించినా ఒక రోజు ఆగి నీళ్లు వదలడం క్షేమం.

పాత సిమెంటు తూములకు కొత్త పీవీసీ గొట్టాన్ని అతకవచ్చా?

రెండింటి నడుమ చిన్న ఛాంబరు కట్టి అందులో కలపడమే నమ్మదగిన పద్ధతి. నున్నటి పీవీసీకి సిమెంటు మాలు పట్టదు, కొన్నాళ్లకు చుట్టూ సందు ఏర్పడుతుంది, వేర్లు వెతుక్కునేది ఆ సందునే. ఛాంబరు గోడలో పీవీసీ దూరే చోట కూడా గొట్టం వీపుకు సొల్యూషన్ పూసి, అది ఆరకముందే పొడి ఇసుక అద్ది ఆరనిస్తే, ఆ గరుకు మీద మాలు చక్కగా పట్టుకుంటుంది.

## ఛాంబర్లు, ట్రాపులు

ఛాంబర్లు ఎన్ని కావాలి? ఎంత పెద్దవి?

గొట్టం మలుపు తిరిగే ప్రతి చోటా, ఇంకొక గొట్టం వచ్చి కలిసే ప్రతి చోటా ఒకటి ఉండాలి. తిన్నని వరుసలో కూడా వెదురు బద్ద అందేలా 25, 30 అడుగులకు ఒకటి ఉంటే సుఖం. రెండడుగుల లోపు లోతుకు అడుగున్నర చదరం సరిపోతుంది. లోపల నున్నగా పూత వేసి, అడుగున గొట్టం వ్యాసార్ధమంత లోతున దోనెలా తీర్చి, దానికి రెండు పక్కలా వాలుగా సిమెంటు నింపించండి. అడుగును చదునుగా వదిలేస్తే మెతుకులు అక్కడే ఆగి పులుస్తాయి. మూతకు కడప బండ గానీ శాబాదు బండ గానీ వాడుతున్నప్పుడు ఇనుప కడియం పెట్టించడం మరవకండి. ఎత్తడానికి వీలులేని మూత కింద ఏముందో ఎవరూ చూడరు.

వంటింటి తూము నుంచి దుర్వాసన వస్తోంది. గొట్టం బాగానే ఉంది.

గల్లీ ట్రాపు లేకపోయి ఉండాలి, లేదా అందులో నీళ్లు ఎండిపోయి ఉండాలి. ట్రాపు వంపులో రెండంగుళాల మేర నిలిచే నీరే వాసనకు, బొద్దింకలకు తలుపు వంటిది. చాలా రోజులు వాడని గదిలో ఆ నీరు ఆరిపోతుంది. ఒక చెంబెడు నీళ్లు పోస్తే చాలు.

## పూడ్చే ముందు

పని అయిపోయిందంటున్నారు. గొయ్యి పూడ్చేయమనవచ్చా?

ఇంకా వద్దు. కింది చివర గొట్టాన్ని గోనెగుడ్డ ముద్దతోనో ప్లగ్గుతోనో గట్టిగా బిగించి, పైన ఛాంబరు దాకా నీళ్లు నింపి, మట్టం దగ్గర గీత గీసి ఒక గంట ఆగండి. గీత దగ్గర నీరు నిలిచి ఉంటే అతుకులు గట్టివి. దిగితే గొట్టం వెంట నడుస్తూ ప్రతి అతుకు కిందా చేయి పెట్టి తడిమి చూడండి. తరువాత అడ్డు తీసేసి, పైనుంచి గుప్పెడు బియ్యం కలిపిన బకెట్ నీళ్లు పోయండి. ఆ బియ్యమంతా అవతలి ఛాంబరులో కనిపించాలి. సగమే వస్తే మిగతా సగం కూర్చున్న చోట వాటం లేదన్నమాట. పూడ్చే ముందు టేపు పక్కన పెట్టి నాలుగు ఫోటోలు తీసి ఉంచుకోండి, పదేళ్ల తరువాత తవ్వేవారికి అవి దారి చూపుతాయి.

పూడ్చడంలో కూడా పద్ధతి ఉందా?

గొట్టం మీద ఆరంగుళాల వరకు ఇసుక లేదా జల్లించిన మట్టి, ఆపైన తవ్విన మట్టిని జానెడేసి పొరలుగా వేసి తొక్కించాలి. మనుషులు నడిచే చోట గొట్టం మీద కనీసం అడుగున్నర మట్టి ఉండేలా చూడండి. అంత లోతు దొరకని చోట, బండ్లు తిరిగే చోట గొట్టం చుట్టూ కాంక్రీటు పోయించాలి.

## వీధి కాలువ, ఇరుగుపొరుగు

సిమెంటు రోడ్డు వేసి వేసి వీధి ఎత్తయింది. మా గొట్టం మూతి కాలువ నీటికి కిందుగా ఉంది. ఏం చేయాలి?

ఇది నిజంగా కష్టమైన పరిస్థితి, గొట్టం ఎన్నిసార్లు మార్చినా తీరదు. నీరు పల్లానికే పారుతుంది. గట్టి పరిష్కారం పెరటి గచ్చును, స్నానాల గది నేలను ఎత్తు చేసి గొట్టం మూతిని కాలువ నిండు మట్టానికి పైకి తేవడం. ఖర్చుతో కూడినదే గానీ ఒక్కసారితో పోతుంది. అది కుదరకపోతే ప్రహరీ లోపలి చివరి ఛాంబరులో ఎదురునీటిని ఆపే రెక్క వాల్వు పెట్టించవచ్చు. దాని రెక్క కింద ప్లాస్టిక్ సంచి ముక్క చిక్కుకున్నా పనిచేయదు కాబట్టి నెలకోసారి మూత తీసి చూడాలి. కాలువ నిండి ఉన్నంతసేపూ ఇంటి నీళ్లు కూడా బయటికి పోవని గుర్తుంచుకోవాలి. ఎర్రనేల, ఇసుకనేల ఉన్నవారు గిన్నెలు, బట్టల నీళ్లకు ఇంకుడు గుంత తవ్వించుకుంటే భారం తగ్గుతుంది. రేగడి నేలలో ఇంకుడు గుంత నీరు తాగదు, అక్కడ డబ్బు పోయవద్దు.

రోడ్డు తవ్వడానికి అనుమతి కావాలా?

కావాలి. పట్టణాల్లో పురపాలక సంఘం, గ్రామాల్లో పంచాయతీ అనుమతి తీసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో వార్డు, గ్రామ సచివాలయంలో అడిగితే ఎవరికి దరఖాస్తు పెట్టాలో చెబుతారు. మరుగుదొడ్డి నీటిని మాత్రం తెరిచి ఉన్న సైడు కాలువలోకి వదలకండి, అది వీధి పిల్లల ఆరోగ్యం మీద పడుతుంది.

పక్కింటివారి నీళ్లు మా గొట్టంలోనే కలుస్తున్నాయి. విడదీయమని ఎలా చెప్పాలి?

మూతలు తీసిన రోజునే వారిని పిలిచి చూపించండి. రెండిళ్ల నీళ్లకు ఆరంగుళాల గొట్టం వేసి ఖర్చు పంచుకోవడం చాలాచోట్ల విడదీయడం కంటే చవక. ఎవరెంత ఇచ్చారో, ఏ ఛాంబరు ఎవరు చూసుకోవాలో ఒక కాగితం మీద రాసుకుంటే రేపు మాట రాదు.

## ఆ తరువాత

మళ్లీ మూసుకుపోకుండా వంటింట్లో ఏం మానాలి?

వేడి గంజిని తూములో వార్చడం మానాలి. చల్లారాక అది గొట్టం గోడలకు జిగురులా అంటుకుంటుంది, పైగా మరిగే నీళ్లు పదేపదే పడితే పీవీసీ మెత్తబడి వంగుతుంది. వేపుడు మూకుడులోని నూనె, రుబ్బిన పిండి కడుగు, కొబ్బరి పీచు కూడా ఇలాంటివే. బియ్యం కడుగు నీళ్లను, చల్లార్చిన గంజిని మొక్కలకు పోయండి. గిన్నెలు తోమే గచ్చు తూముకు సన్నకన్నాల జల్లెడ బిగించి, రాత్రి పడుకునేముందు అందులోని మెతుకులు ఏరివేయండి.

ఛాంబరులో దోమలు పెరుగుతున్నాయి. మందు కొట్టాలా?

మందు కంటే ముందు నీరు ఎందుకు నిలిచిందో చూడాలి. బోదకాలు వ్యాధిని మోసే క్యూలెక్స్ దోమ మురుగునీటిలోనే గుడ్లు పెడుతుంది. ఛాంబరు దోనె సరిగా ఉంటే అందులో నీరు నిలవదు, దోమకు చోటుండదు. మూత అంచుల సందులను పలచటి సిమెంటు మాలుతో మూయించండి, గాలి గొట్టం మూతికి సన్నటి జాలీ కట్టండి. తొలకరి వాన వెలిసిన మరుసటి ఉదయం మూతలన్నీ ఒకసారి ఎత్తి చూసి, దోనెలో మట్టి పేరుకొని ఉంటే గరిటెడు గరిటెడుగా తీయించేయండి.